మిద్దె మీద గుమ్మడికాయ

ఈ సాయంత్రం మార్కాపురంలో మా మిద్దె మీద ఆరిన బట్టలు తీస్తుంటే, మూడేళ్ల నా కొడుకు నీళ్ల ట్యాంకు దిమ్మె ఎక్కి, "అమ్మా, దూకుతా, చూడు" అన్నాడు. పరుగెత్తి దించాను. వాడు నిద్రపోయాక కూడా మిద్దె తలుపు గడియను మళ్లీ మళ్లీ లాగి చూశాను. ఒకప్పుడు ఈ చేతులే విమానం నడపడం నేర్పేవంటే ఎవరు నమ్ముతారు?

వీడు పుట్టకముందు నేను ఒక ఫ్లయింగ్ స్కూల్లో పాఠాలు చెప్పేదాన్ని. నా దగ్గర నేర్చుకున్నవాళ్లలో ఒకడిది తర్లుపాడు పక్క పల్లె. అందరూ మేడం అంటే వాడొక్కడే అక్కా అనేవాడు. బయలుదేరే ముందు అన్నీ సరిచూడమంటే, "ఆటో ఎక్కేముందు టైర్లు చూస్తామా అక్కా?" అని నవ్వేవాడు. చెయ్యి బాగా తిరిగింది కానీ భయమన్నది లేదు. అలాంటివాడికి నేర్పడమంటే బ్రేకుల్లేని ఆటోకు రంగులు వేయడమే. ఒక ఉదయం దూరప్రయాణ శిక్షణలో మా దారి వాళ్ల ఊరి పక్కగా పడింది. ఊరు కనబడగానే నన్ను అడగకుండా విమానం ముక్కు కిందికి వంచాడు. ఏం చేస్తున్నావని అరిచాను. "మా అమ్మ మిద్దె మీద గుమ్మడికాయ పట్టుకొని ఉండాది అక్కా, దిష్టి తీస్తాదంట. ఇంత ఎత్తులో ఉంటే దిష్టి యాడ పోతాది?" నాకు నవ్వు రాబోయి ఆగిపోయింది. మిద్దె నిండా జనం, చెల్లాచెదురుగా పరుగెత్తుతున్న గొర్రెలు, ఎదురుగా సెల్ టవర్. విమానాన్ని నా చేతుల్లోకి తీసుకుని పైకి లేపాను. టవర్ మా రెక్క కిందనుంచే పోయింది. వాడు మాత్రం వెనక్కి తిరిగి చెయ్యి ఊపుతున్నాడు.

మరుసటి వారం అదే దారిలో వాడు ఒంటరిగా పోవాలి. దానికి నా సంతకం కావాలి. నేను పెట్టలేదు. వాళ్లమ్మ బస్సెక్కి వచ్చింది. "మన పక్క బిడ్డవై ఉండి ఇట్ల చేస్తావా తల్లీ? పిల్లోడు ఏం తప్పు చేసినాడు, అమ్మను చూసుకున్నాడు, అంతే గదా!" వాడూ మన పక్క బిడ్డ కాబట్టే పెట్టలేదన్నాను. ఇచ్చిన టీ కూడా ముట్టకుండా లేచిపోయింది.

వాడు ఇంకోచోట చేరాడు. కొన్నాళ్లకు ఫోన్ చేశాడు. "ఒక్కణ్ణే పోయొచ్చినా అక్కా. ఈసారి ఇంకా కిందికి దిగినా. ఏమయింది? ఏంగాలే!" ఇప్పటికీ అప్పుడప్పుడూ చేస్తాడు, అదే మాట చెప్పి నవ్వుతాడు.

ఏమీ కాకుండా గడిచిన ప్రతి రోజూ వాడి వైపే సాక్ష్యం చెబుతోంది. నా భయం నిజం కావడానికి ఒక్క రోజు చాలు. అది రాకూడదని, నాదే తప్పుగా మిగిలిపోవాలని, రోజులను ఒక్కొక్కటిగా సాగనంపుతున్నాను.