వెర్నా అడిగిన వడ్డీ

అమెరికాలో కెంటకీ కొండల్లో పైన్ ఫోర్క్ ఊరి బళ్లో ముప్పై ఏళ్లు గరిటె తిప్పిన మనిషి వెర్నా స్టిల్ట్‌నర్. ఆమె నోటికి జడిసి ప్రిన్సిపాలు కూడా చిక్కుడు గింజలు వదలకుండా తినేవాడు. అలాంటి మనిషి మీద, ఆమె చక్రాల ట్రైలరు ఇల్లు నిలుపుకున్న అద్దె స్థలం యజమాని కోర్టుకెక్కాడు, ఇల్లు ఖాళీ చేయమని! డబ్బు లేనివాళ్లకు ఉచితంగా వాదించే లాయరు డోరీ ఆమె కేసు పట్టుకుంది. తీరా విచారణకు ముందే డోరీ ఆఫీసు మూసేస్తున్నారని కబురు.

"ఏమే పిల్లా, నన్ను ఏట్లో వదిలేసి పోతావా?" అంది వెర్నా.

"మా ఆఫీసు నడిచేదే వడ్డీ మీద, మిస్ వెర్నా. ఇల్లు కొనేవాళ్ల డబ్బు నాలుగు రోజులు లాయర్ల ఖాతాలో ఉంటుంది కదా. రూలు ప్రకారం దానిమీద వడ్డీ లాయరు ముట్టకూడదు, మాలాంటి ఉచిత ఆఫీసులకే రావాలి. మన బ్యాంకు విదిల్చేది మెతుకులు. అందులోంచి మళ్లీ చార్జీలు కోసుకుంటుంది. నది అవతల బ్యాంకు బాగానే ఇస్తుంది. కాని ఏ బ్యాంకన్నది లాయర్ల ఇష్టం."

వెర్నాకు ఒళ్లు మండింది. కోర్టు ఉండే సోమవారం పొద్దున లాయర్లందరూ ఒకే హోటల్లో తింటారు. తిన్నగా వాళ్ల బల్ల దగ్గరికి పోయి నిలబడింది. అందరూ చిన్నప్పుడు ఆమె చేతి కూడు తిన్నవాళ్లే.

"మీ ఖాతాలు నది దాటించండి."

"తాతలనాటి బ్యాంకు, మిస్ వెర్నా" అని ఒకాయన నసిగాడు. "ప్రతి క్రిస్మస్‌కీ హ్యామ్ పంపుతారు."

"పంది తొడకి అమ్ముడుపోయారన్నమాట. మీది కాని డబ్బు, మీకు రాని వడ్డీ. మీకు చిల్లిగవ్వ ఖర్చు లేదు. ఆ మాత్రం చెయ్యడానికీ చేతులు రావా?"

అందరూ కంచాల్లోకి చూశారు. మూలనున్న బర్ల్ రాట్లిఫ్ మూతి తుడుచుకున్నాడు. స్థలం యజమాని తరఫు లాయరు అతనే.

"నేను మారుస్తాను."

"నువ్వా? నన్ను ఇంట్లోంచి గెంటడానికి డబ్బు పుచ్చుకుంది నువ్వే కదా, అబ్బాయ్."

"గెంటుతాను. కాని పక్కన లాయరే లేని ముసలావిడను గెంటి, గెలిచానని మా అమ్మకు ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

ఆ వారమే మార్చాడు. సిగ్గుపడి మరో నలుగురు మార్చారు. ఖాతాలు జారిపోతుంటే పాత బ్యాంకుకు ఎక్కడలేని ధర్మం పుట్టుకొచ్చి వడ్డీ పెంచింది, చార్జీలు మానింది. డోరీ ఆఫీసు నిలిచింది.

విచారణనాడు బర్ల్ కనికరం చూపలేదు, వెర్నాను ప్రశ్నలతో ఉతికేశాడు. డోరీ అంతకంటే గట్టిగా నిలబడింది. ఇల్లు వెర్నాకే ఉంచాడు జడ్జి. కోర్టు మెట్ల మీద బర్ల్‌ను ఆపింది ఆమె.

"ఓడినందుకు కడుపు మండుతోందా?"

"మండుతోంది. వచ్చే నెల మీ పక్కింటివాళ్ల మీద కేసు వేస్తున్నాను."

"వెయ్యి. డోరీ ఇక్కడే ఉంటుంది" అంది వెర్నా.