కాలువకు దీర్ఘం

పంచాయతీ కార్యదర్శిగా ఉద్యోగం వచ్చేనాటికి నాకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం ఓ మాదిరిగా వచ్చు, రాయడం మాత్రం రాదు. పుట్టింది కోదాడలో. చదువంతా సూర్యాపేటలో, హాస్టల్లో ఉండి ఇంగ్లీష్ మీడియంలో. తెలుగు పరీక్షను గైడు బట్టీ పట్టి గట్టెక్కేదాన్ని. వేములపల్లి మండలంలో ఒక చిన్న ఊరికి పోస్టింగ్ ఇచ్చారు. మిర్యాలగూడలో గది తీసుకుని రోజూ స్కూటీ మీద వెళ్లేదాన్ని.

మొదటి గ్రామసభ తీర్మానం చేత్తో రాసి బోర్డుకు అంటించాను. మర్నాడు పొద్దున వెళ్లేసరికి నలుగురైదుగురు రైతులు దాని ముందు నిలబడి నవ్వుతున్నారు. నన్ను చూసి ఆపుకున్నారు. ఒక పెద్దాయన మాత్రం అడిగేశాడు.

“మన ఊర్ల కలువలు యాడున్నయ్ మేడం? ఉన్నా గని వాటికి మరమ్మతేంది?”

‘కాలువ మరమ్మతు’ అని రాయాల్సిన చోట ‘కలువ మరమ్మతు’ అని రాశాను. అది తెలిసేసరికి నా చెవులు వేడెక్కాయి. కాగితం పీకేసి లోపలికి వెళ్లి తలుపు దగ్గరకు వేసుకున్నాను.

వీధులు ఊడ్చి, ఆ తర్వాత ఆఫీసు తుడిచే సఫాయి అక్క వెనకాలే వచ్చింది. నలభై దాటిన మనిషి.

“ఒక్క దీర్ఘమే గద మేడం పోయింది. దానికి గింత పరేషానా?”

“నీకు చదువొచ్చా అక్కా?”

“ఐదు దాక సదివిన. ఆరుకు వేరే ఊరు పోవాలె. పంపలే.”

“నాకు రాయటం సరిగ్గా రాదు. ఎవరికీ చెప్పకు.”

“నేను జెప్పుడెందుకు? బోర్డు మీద నువ్వే జెప్పినవ్ గద,” అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఆమె నోట మేడం పోయి నేను బిడ్డనయ్యింది ఆ రోజే.

మర్నాడు అన్నాలు తిన్నాక ఆమె ఒక ఆట చెప్పింది. నాట్లు వేసేటప్పుడు ఆడవాళ్లు నడుం నొప్పి తెలియకుండా ఆడుకునేవారట. ఒకరు మాట అంటే, దాని చివరి అక్షరంతో ఇంకొకరు మరో మాట అనాలి. మేం ఇంకో నియమం కలిపాం. అన్న మాటను పాత నోటీసుల వెనక రాయాలి. తప్పు రాస్తే ఎదుటివాళ్లకు ఒక చింతగింజ ఇచ్చుకోవాలి.

మాటల్లో నేను ఆమెకు చాలేదాన్ని కాదు. ‘గ’ వస్తే నేను గడియారం, గది దాటేదాన్ని కాదు. ఆమె గంప, గొర్రు, గుమ్మి, గరిసె అంటూ పోయేది. గరిసె అంటే ఏమిటని అడిగితే, “వెదురుతోని అల్లి, పెండతోని అలికి వడ్లు పోస్తరు బిడ్డా. మా అమ్మగారింట్ల ఉండె,” అని చేతులతో దాని ఎత్తు చూపించింది.

రాతలో నాకు దీర్ఘాలు, ఒత్తులు జారిపోయేవి. ‘ల’కూ ‘ళ’కూ తేడా ఇద్దరికీ తెలియదు. ‘పళ్లెం’ దగ్గర ఎంత వాదించుకున్నా తేలక, మిర్యాలగూడలో ఒక నిఘంటువు కొనుక్కొచ్చాను. అప్పటినుంచి మా తగాదాలన్నీ అదే తీర్చేది. ఒకరోజు ఆమె ‘సెరువు’ అని రాసింది. నేను గింజ అడిగాను.

“మా ఊర్ల అందరు సెరువే అంటరు. తప్పెట్లయితది?”

“అనటం తప్పు కాదక్కా. పుస్తకంలో మాత్రం ‘చె’ ఉంది, చూడు.”

ఆమె అక్షరం మీద వేలు పెట్టి కాసేపు చూసింది. “సరే. నోటికి సెరువు, చేతికి చెరువు,” అని గింజ నా ముందుకు తోసింది.

ఏడాది తిరిగేసరికి నా తీర్మానాల్లో తప్పులు బాగా తగ్గాయి. అప్పుడే ఓపెన్ స్కూల్ నోటీసు ఒకటి వస్తే బోర్డుకు అంటించాను. మధ్యాహ్నం అక్క అడిగింది.

“ఇంటికాడ సదువుకొని పది రాయొచ్చంట గదా. నాసొంటిది రాస్తే నవ్వుతరా?”

“నవ్వితే నవ్వనీ. నన్ను చూసి నవ్వలేదా?”

ఇంట్లో ఆమె భర్తే మొదట నవ్వాడట. “ఈ వయసుల సదివి ఎవల్ని ఉద్ధరిస్తవ్?” అన్నాడట. అయినా పేరు రాయించుకుంది. పరీక్షలకు నేనే స్కూటీ మీద మిర్యాలగూడ తీసుకెళ్లాను. తెలుగు పేపరు రోజు అందరికంటే చివర బయటికి వచ్చింది. చేతి నిండా సిరా.

తెలుగు పాసైంది. లెక్కలు పోయాయి. ఆ రోజు అన్నానికి రాలేదు. మర్నాడు వచ్చి, “లెక్కలకు గూడ ఏమన్న ఆట ఉంటదా?” అని అడిగింది. నాకు తెలిసిన ఆటేదీ లేదు. పాత ప్రశ్నపత్రాలు ముందు పెట్టుకుని నెలల తరబడి చేసినవే చేశాం. కొన్ని రోజులు ఇద్దరికీ విసుగొచ్చి కాగితాలు మడిచేసేవాళ్లం. రెండోసారికి లెక్కలూ గట్టెక్కాయి, అదీ అంచు మీద.

మార్కుల మెమో వచ్చిన సాయంత్రం దాన్ని ముందు భర్త చేతిలో పెట్టిందట. ఆయన వెలుతురు కోసం వాకిట్లోకి వెళ్లి, అటూ ఇటూ తిప్పి చూసి, లోపలికి వచ్చి, పెట్టె తెరిచి పొలం పాసుపుస్తకం ఉన్న కవర్లోనే దాన్ని కూడా పెట్టాడట.