గరాజ్‌లో ఆరేసిన వేట చొక్కా

విల్లు ఎక్కుపెట్టకుండా, బాణం వదలకుండా, కనీసం తుమ్మకుండా, ఓ మనిషి మూడేళ్ల తపస్సును మట్టిపాలు చేసిన ఘనుణ్ణి ఎప్పుడైనా చూశారా? చూడకపోతే ఇటు తిరగండి. నేనే. ఆ సర్వనాశనం ఎలా జరిగిందో చెప్తాను. మీకు మొహమాటం అక్కర్లేదు, హాయిగా నవ్వుకోండి.

అది 2009 ప్రాంతం. అమెరికాలో జార్జియా రాష్ట్రం, కమ్మింగ్ ఊళ్లో ఉండేవాళ్లం. అప్పటి నన్ను తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఇంటర్నెట్‌లో రెండు పేజీలు చదివితే డాక్టర్‌ని, నాలుగు చదివితే సైంటిస్టుని. మెదడు ఆవగింజంత, మాట గుమ్మడికాయంత!

ఆఫీసులో నా పక్క సీటు డేల్‌ది. విల్లుతో వేటాడతాడు. కొండల వైపు అతనికి కాస్త అడవి ఉంది, ఆ అడవిలో చెట్టుకొమ్మల్లాంటి కొమ్ములున్న ఓ ముసలి జింక ఉంది. దానికి 'తాతగారు' అని పేరు పెట్టి మూడేళ్లుగా వెంటపడుతున్నాడు. పర్సు తెరిస్తే ముందు తాతగారి ఫొటో, దాని వెనక పెళ్లాం పిల్లలు.

"ఈ శనివారమే నాకు ఆఖరి ఛాన్స్," అన్నాడు ఓరోజు దిగాలుగా. "ఆ తర్వాత తుపాకులతో వేటాడే సీజన్. ఇక తాతగారు మిగలడు. ఎవరు కొట్టినా ఓర్చుకుంటాను గానీ, మా కర్ట్ గాడు కొడితే మాత్రం బతకలేను."

కర్ట్ అతని బావమరిది. డేల్ అడవికి కంచె అవతలున్న అడవి కర్ట్‌ది. ఇద్దరికీ ఉప్పూ నిప్పూ.

"నేనూ వస్తా," అన్నాను. వేట క్లాసు పాసయ్యాను, లైసెన్స్ తీసుకున్నాను, ఎవరో వాడి పడేసిన విల్లు ఒకటి సంపాదించాను. ఇంకేం కావాలి?

"రా. కానీ ఒక్కటే రూల్. వాసన రాకూడదు. జింక కళ్లని మోసం చెయ్యొచ్చు, ముక్కుని చెయ్యలేం," అని, కొనాల్సిన సబ్బులూ స్ప్రేలూ వింటినారికి రాసే మైనాలూ ఏకరువు పెట్టాడు.

నేను జాలిగా నవ్వాను. "పిచ్చివాడా, ఇవన్నీ షాపులో కొంటారా? మా వంటింట్లో లేనిదేముంది?"

చెప్పినట్టే చేశాను. వింటినారికి దేవుడి గదిలో కొవ్వొత్తి రుద్దాను. దాని మీద ఊడిన ముడులు పళ్ల సందులు శుభ్రం చేసుకునే దారంతో బిగించాను. విల్లు చప్పుడు చెయ్యకుండా పాత సాక్సు కోసి చుట్టాను. గాలి ఎటు వీస్తోందో చూడ్డానికి ఖాళీ కంటిచుక్కల సీసాలో కార్న్‌ఫ్లోర్ నింపాను. నొక్కితే తెల్లటి పొగలా ఎగురుతుంది. డేల్ అన్నీ చూసి, "ఫర్వాలేదే!" అన్నాడు. ఇక నన్ను పట్టేదెవరు?

చివరికి మిగిలింది చొక్కా. వంటసోడాతో రెండుసార్లు ఉతికాను. ఇంట్లో ఆరేస్తే ఇంటి వాసన పడుతుంది. బయట ఆరేద్దామంటే మా కాలనీలో హెచ్‌ఓఏ అనే ఇళ్లవాళ్ల సంఘం వాళ్లు బట్టలతాడు చూస్తే పాముని చూసినట్టు అరుస్తారు. అందుకని కారు పెట్టే గరాజ్‌లో తాడు కట్టి ఆరేశాను.

మీలో అమెరికాలో కాపురం చేసినవాళ్లు ఇప్పటికే తలపట్టుకుని ఉంటారు. మన ఇళ్లలో ఘాటు వంటల పొయ్యి ఎక్కడుంటుందో మీకు తెలుసు. మా ఆవిడ సునంద పొయ్యి కూడా అక్కడే, ఆ గరాజ్‌లోనే ఉంది.

"ఏమండీ, అక్కడ ఆరేశారేంటి? రేపటి పాట్‌లక్ విందుకి పులిహోర పోపు, చేపల వేపుడు ఇవాళే చెయ్యాలి."

"చేసుకో. ఆ మూలకి కట్టాలే."

"పొగకి మూలా గీలా ఉంటాయా?"

"సునందా, వేట గురించి నువ్వు నాకు చెప్పకు."

"వేట గురించి కాదు మహానుభావా, ఇంగువ గురించి!"

"సోడాతో ఉతికానే! సోడా వాసనని పీల్చేస్తుంది. అది సైన్సు."

"సరే, పీల్చుకోనివ్వండి," అని ఆవిడ మూకుడు పొయ్యి మీద పెట్టింది.

శనివారం తెల్లవారుజామున చొక్కా మూడుసార్లు వాసన చూశాను. ఏమీ లేదు! ఎలా ఉంటుంది? నా ముక్కు కాపురముంటున్నదే ఆ పోపులో. చొక్కాని సంచిలో బిగించి తీసుకెళ్లి, అడవిలోనే తొడుక్కున్నాను. డేల్ అప్పటికే తన మంచె ఎక్కేశాడు. నేను ఇవతలి చెట్టుకున్న మంచె ఎక్కి, రుషిలా కూర్చున్నాను.

తెల్లారింది. పొదల్లోంచి తాతగారు బయటికొచ్చాడు. ఆ కొమ్ములు చూసి నాకే గుండె ఆగింది. డేల్ మెల్లగా విల్లెత్తాడు. ఇంకో నాలుగడుగులు వేస్తే మూడేళ్ల కల చేతికొచ్చినట్టే.

నేనేమో నా తెలివి చూసుకుని మురిసిపోదామని సీసా నొక్కాను. కార్న్‌ఫ్లోర్ బుస్సున లేచి, తాపీగా తేలుతూ, సరాసరి తాతగారి వైపే వెళ్లింది.

తాతగారు ఆగాడు. తలెత్తాడు. గాలి పీల్చాడు. పుట్టి బుద్ధెరిగాక అంత ఘోరం ఎరగనట్టు కాలితో నేలని తన్ని, ముక్కుతో బుస్సుమని, తోక జెండాలా ఎత్తి, ఒక్క గెంతులో కంచె దాటాడు.

కాసేపటికి కంచె అవతల్నించి పెళ్లిలో బాజాలా ఓ కేక: "కొట్టానోయ్!"

డేల్ మంచె దిగొచ్చి నా చొక్కాకి ముక్కు ఆనించాడు. "నీ మీద ఎవరో భోజనం వండారు," అన్నాడు. ఆ గొంతులో కోపం కూడా లేదు. కోపానికి కాస్తో కూస్తో ప్రాణం మిగలాలి కదా!

కర్ట్ చేతిలో విల్లుతో కంచె దగ్గరికి వచ్చి గాలి పీల్చాడు. "ఏంటీ కమ్మటి వాసన? చేపలు వేయిస్తున్నారా?"

డేల్ నా వైపు వేలు చూపించాడు. కర్ట్‌కి అంతా అర్థమైంది. టోపీ తీసి, నాకు వంగి నమస్కారంలాంటిది పెట్టాడు.

"బాబూ, వచ్చే ఏడు కూడా తప్పకుండా రావాలి. ఇదే చెట్టు. ఇదే చొక్కా. ఉతక్కు!"

ఆ కంచె ముందే, చెయ్యి గుండెల మీద పెట్టుకుని, ప్రతిజ్ఞ పూనాను: ఈ జన్మకి నా వేట షాపులో ఐస్ మీద పడుకోబెట్టిన చేపల వరకే. అవి నన్ను వాసన చూడవు. చూసినా, పాపం, పారిపోలేవు.