కండ్లు తెరవని రాయి

మొన్న పొద్దున ఆళ్లగడ్డ నుంచి శిల్పి మనవడు ఫోను చేసి, "అవ్వా, మీ యన్న పోయి ఏడాది కావస్తాంది గదా, ఆ రాయికి కండ్లు తెరుద్దామా?" అని అడిగినప్పుడు, ఇన్నేళ్లయినా వెంటనే సరేననలేకపోయాను.

మా అన్న యుద్ధవిమానం నడిపేవాడు. పందొమ్మిది వందల యాభైల నడుమ ఒకసారి గాలిలోనే ఇంజనుకు మంటలంటుకుంటే, కింద ఊరుందని దూకకుండా, విమానాన్ని బయలు దాకా లాక్కుపోయి దించాడట. అందుకు ఢిల్లీలో పతకమిచ్చారు. అంతే, మా నాయన కాళ్లు నేల మీద ఆనలేదు. మన పొలిమేరల్లో కత్తి పట్టిన వీరుల రాళ్లు మీరూ చూసే ఉంటారు. తన కొడుక్కీ అట్లాంటిదొకటి మా చేని గట్టున నిలపాలని ఆళ్లగడ్డలో చెక్కడానికిచ్చాడు. అవి యుద్ధంలో చచ్చినవాళ్ల రాళ్లని ఎవరు చెప్పినా వినడే! తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. "బతికుండే బిడ్డకు రాయేంది? నీకు మతి ఉండాదా?" అని అమ్మ అన్నం మానేసి ఏడ్చింది.

విగ్రహానికి కండ్లు చివరన, ముహూర్తం చూసి తెరుస్తారు. అప్పుడే రాయికి ప్రాణమొస్తుందని నమ్మకం. సరిగ్గా ఆ ముహూర్తం నాటి పొద్దునే, కొత్త కాపురానికొచ్చిన నాకు నంద్యాలలో తంతి అందింది. మా పుట్టింటి పల్లెకు తంతి సౌకర్యం లేదని అన్న మా చిరునామానే ఇచ్చుకున్నాడు. కొండల మీదికి పోయిన అన్న విమానం తిరిగి రాలేదు, వెతుకుతున్నాం అని అందులో ఉంది.

మా ఆయన రైల్వే డ్యూటీలో ఉన్నారు. నేనొక్కదాన్నే ఆళ్లగడ్డ బస్సెక్కాను. పిచ్చిదనుకోండి, ఆ రాయి కండ్లు తెరిస్తే మా అన్న కండ్లు మూతపడతాయనే నమ్మాను. ఆ దిక్కుమాలిన బస్సు చెయ్యెత్తిన ప్రతివాడి కోసమూ ఆగుతూ, చివరికి ఇంజను కాగి దారిలో నిలబడిపోతే, డ్రైవరు తాపీగా నీళ్లు పోస్తుంటే వాణ్ణి కొడదామన్నంత కోపమొచ్చింది. దిగీ దిగగానే చెప్పులు చేతబట్టుకుని పరుగెత్తాను. శిల్పి ఇంటి ముందు పందిట్లో నాయన చేతులు జోడించి నిలబడి ఉన్నాడు, శిల్పి ఉలిని కంటి దగ్గర ఆనించి సుత్తి ఎత్తాడు.

"ఆగప్పా!" అని అరిచాను. "ఏందమ్మా, ముహూర్తం దాటిపోతాంది" అన్నాడు శిల్పి. తంతి సంగతి చెప్పాను. ఆ పెద్దాయన ఉలి కింద పెట్టేశాడు. నాయన నా చేతిలోని తంతి లాక్కున్నాడు.

కబురు తెలిసే దాకా ఇంట్లో పొయ్యి వెలిగించిందీ, ముద్ద మింగిందీ నాకు గుర్తులేదు. చివరికి అన్న బతికే ఉన్నాడని తెలిసింది. విరిగిన కాలితో కొండ దిగి ఎవరి గుడిసెలోనో పడి ఉన్నాడట. ఇంటికొచ్చి ఆ రాతి మొహాన్ని తడిమి, "ఏందే, నన్ను గుడ్డోణ్ణి చేసినారే!" అని నవ్వాడు. "నా కొడుకు కండ్లు తెరిచి ఉన్నన్నాళ్లు రాయికి కండ్లొద్దు" అని అమ్మ తీర్మానించేసింది. రాయి అట్లాగే గట్టు మీదికి చేరింది. అన్న నిండు వయసు బతికాడు.

మనవడికి సరేనని చెప్పి, నిన్న చేనికి వెళ్లాను. అమ్మా నాయనా లేరు, ఆ పెద్దాయనా లేడు. మిషనుతో చిటికెలో అయిపోతుందన్నాడు మనవడు, ఉలితోనే చెయ్యమన్నాను. సుత్తి ఎత్తగానే, ఎంత ఆపుకున్నా, "ఆగప్పా!" అని మళ్లీ నోటి నుంచి వచ్చేసింది. మనవడు ఉలి దించి నా వంక చూశాడు. ఈసారి ఎదురుచూడ్డానికి ఏ కబురూ లేదు.

"కానియ్ నాయనా" అన్నాను.