మందు తీసే ఉరుకుందప్ప

ఎమ్మిగనూరు మగ్గాల సందు చివర ఉరుకుందప్ప ఆదివారం, మంగళవారం మందు తీస్తాడు. గిట్టనివాళ్లు అన్నంలో కలిపి పెట్టిన మందు కడుపులో గడ్డకట్టి మనిషిని తినేస్తుందని నమ్మే జనం తుగ్గలి నుంచి కూడా బస్సెక్కి వస్తారు. వాళ్లు రాకముందే అతను చింతపండులో వెంట్రుకలు, మసి కలిపి ఉండలు చుట్టి, ఒకటి దవడన పెట్టుకుంటాడు. అందుకే నోరు విప్పడు. జనం దాన్ని మౌనవ్రతమంటారు. రోగి బొడ్డు మీద ఇత్తడి గొట్టం ఆనించి, కళ్లు తేలేసి పీల్చి, ఆ ఉండను పళ్లెంలో ఉమ్ముతాడు. మీసం తుడుచుకుని, "పెట్టింది మీ పడమటింటి ఆడది. మొగుడు లేనిది" అంటాడు. ప్రతి వీధిలోనూ అలాంటి ఆడది ఒకతె ఉంటుందని అతనికి తెలుసు. అతను నేర్చిన శాస్త్రమంతా అంతే.

మొన్న మిట్టమధ్యాహ్నం గోనెగండ్ల దగ్గర ఒక పల్లెలో అతని బండి పంచరైంది. నాలుక పిడచకట్టుకుపోయి, కనబడిన మొదటి ఇంటి ముందు నిలబడి నీళ్లడిగాడు. ఒక ముసలామె చెంబు తెచ్చింది కానీ చేతికివ్వలేదు.

"నేను ఈరమ్మను, సామీ. పోయినేడు మా పక్కింటి పిల్లకు మందు తీసినావే, నువ్వు సెప్పిన ఆనవాలుకు నేనే దొరికినా. అప్పట్నుంచి నా సేతి నీళ్లు ఎవురూ ముట్టరు, కూలికి పిలవరు. నువ్వు తాగుతావా?"

ఉరుకుందప్ప ఆమెను ఎగాదిగా చూశాడు. చెంబు అందుకుని గటగటా తాగి, మీసం తుడుచుకుని, "ఇంగో సెంబు తేపో" అన్నాడు.

ఏడాదిగా ఆ ఊళ్లో ఆమె చేతి నీళ్లు భయం లేకుండా తాగినవాడు అతనొక్కడే.