ఆరేదాకా అది నా చెక్కే

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు, వానలు వెనకబట్టిన నెలలో, బిలాస్‌పూర్ వ్యాగన్ డిపో కార్పెంటర్ సెక్షన్‌లో నాకు విల్లు చేసే పని అప్పజెప్పారు. అప్పటికి నేను టెక్నీషియన్ గ్రేడ్ వన్. ఖలాసీగా చేరినవాడు ఆ మెట్టు ఎక్కాడంటే చేతిలో పని ఉన్నట్టే.

విల్లు గౌరికి. మా పలాస వైపు వాళ్ల పిల్ల. ఇక్కడి రైల్వే క్వార్టర్లలోనే పుట్టి, గ్యాంగులో పట్టాల పని చేసేది. బిల్హా దగ్గర గోండు వాళ్ల వద్ద విల్లు పట్టడం నేర్చింది. హోలీ తరవాత రైల్వే ఆటల్లో చెక్క విల్లు పోటీ. మొదటి ముగ్గురిలో వస్తే సుత్తి డ్యూటీ తప్పి ఆఫీసు పోస్టు దొరుకుతుంది. ఆమె పాత విల్లు విరిగిపోయింది. సెక్షన్ ఇన్‌ఛార్జి సారు నన్ను పిలిచి, డ్యూటీ అయ్యాక షెడ్‌లో చేసిపెట్టమన్నారు.

విల్లుకు ధామన్ చెక్క మంచిది. దుంగను రంపంతో కోయకూడదు, రంపం నారను తెంపేస్తుంది. ఇనప చీలలు కొట్టి, నార ఎటు పోతే అటే చీల్చాలి. రెండు బద్దలు పనికొచ్చాయి. చివర్ల నుంచి నీళ్ళు తొందరగా పోతే నెర్ర పడుతుంది. అందుకని చివర్లకు వ్యాగన్ పెయింటు దట్టంగా పూశాను. బాడిసతో ముతకగా చెక్కి, షెడ్ దూలాల మీద నీడలో పెట్టాను. వారానికోసారి పార్సిల్ ఆఫీసు కాటా మీద తూచి, బరువు సుద్దతో చెక్క మీదే వేసేవాణ్ణి. నాకు అక్షరాలు ఆలస్యంగా వచ్చాయి గానీ అంకెలు ముందే వచ్చు. బరువు తగ్గుతోందంటే లోపల ఇంకా నీళ్ళున్నట్టు. తగ్గడం ఆగితేనే చెక్క ఆరినట్టు.

చలి తగ్గేసరికి గౌరికి ఓపిక కూడా తగ్గింది.

“బాబాయ్, నీ చెక్క ఆరేసరికి నాకు రిటైర్మెంటొచ్చేత్తాది” అంది.

“ముందు నాకొత్తాదిలే” అన్నాను.

ఆ వారమే, నేను లీవులో ఉండగా, ఒక బద్దను తీసి కమ్మరి కొలిమి పైన వేలాడదీసింది. వచ్చి చూస్తే నిలువునా చీలి ఉంది. బాగా తిట్టాను. ఆమె ఏడవలేదు, ఎదురు తిరిగింది. పోటీ దగ్గరికొచ్చేసింది, రెండోది పచ్చిగానైనా ఇచ్చెయ్యమంది. సారు కూడా ఇచ్చెయ్యమన్నారు.

“నా విల్లు నాకివ్వడానికి నీకేటి బాబాయ్?”

“అది నీ విల్లు కాదే. ఆరేదాకా నా చెక్క. పచ్చిది లాగితే వంగి అలాగే ఉండిపోద్ది, బాణం సగం దూరం పోదు. అప్పుడు జనం నిన్ననరు, నన్నంటారు.”

పోటీకి కొద్ది రోజులున్నాయనగా, వరసగా రెండు వారాలు కాటా ముల్లు ఒక్కచోటే ఆగింది. అప్పుడు మొదలుపెట్టాను. గురి వైపు ఉండే ముఖంలో చెట్టుకు ఏడాదికొకటి పడే వయసు గీత ఒక్కటి కూడా తెగకుండా ఆకురాయితో దించాను. చెక్క అలలా ఉంటే విల్లూ అలలాగే వచ్చింది. మా సెక్షన్‌లో అలాంటిది మూలమట్టం పెట్టి తీసిపారేసే సరుకు. నార తెగుతుందని నేను సాపు చెయ్యలేదు. తాడు కట్టి, కొంచెం కొంచెంగా లాగుతూ, రెండు కొమ్ములూ ఒక్కలా వంగేదాకా గీకాను. నిండా లాగడం మాత్రం మొదట గౌరిని చెయ్యనివ్వలేదు. విరిగితే చేసినవాడి మొహానికే తగలాలి. విరగలేదు.

పోటీలో ఆమె రెండోది. పోస్టు వచ్చింది. ఆట అయ్యాక తాడు విప్పితే విల్లు వంగి ఉండిపోలేదు, మళ్ళీ తన మొదటి రూపానికే వచ్చింది. దగ్గరుండి చూశాను.

గౌరి తొందరలో న్యాయముంది. సారు మాటకు అధికారముంది. చెక్క ఈ రెండూ వినదు. కాదని చెప్పాల్సింది దాన్ని చేసేవాడే. నేను చెప్పాను.