ఒక గుర్రానికి రెండు దాణాలు

మా బాబాయి పొద్దున లేవగానే మొదట చూసేది పిన్ని మొహం కాదు, గుర్రం వేసిన లద్దె. సామాన్ల బండి లాగే ముసలి ఆడగుర్రం అది. మేమంతా దాన్ని మహారాణి అంటాం. లద్దెను పుల్లతో విడదీసి చూసి, బాగుంటే ఆయన ఈల వేస్తాడు. లేకపోతే ఇంట్లో ఎవరూ నోరెత్తకూడదు. తర్వాత గిట్టలు ఎత్తి ఇరుక్కున్న రాళ్ళు తీస్తాడు. పై పెదవి లేపి చిగుళ్ళు నొక్కి, పోయిన రంగు మళ్ళీ ఎంత త్వరగా వస్తుందో చూస్తాడు. ముందు నీళ్ళు, ఆనక ఎండుగడ్డి, ఆ పైనే కొలిచిన దాణా. ఇంత వైభోగం మా వంశంలో మనిషన్నవాడికి జరగలేదు.

ఈ అలవాటు కొద్దీ ఒకరోజు, తలనొప్పి అన్న పాపానికి పిన్ని పై పెదవి కూడా లేపబోయాడు.

"నేను మనిషినా, గుర్రాన్నా?" అని పిన్ని మండిపడింది.

"గుర్రమైతే ఇంత అరవదు," అన్నాడు మహానుభావుడు.

అంతే, మాటలు బంద్. కొంప మునిగింది కూడా అక్కడే. ఆ ఇంట్లో దాణా ఎవరికి వీలైతే వాళ్ళు పెడతారు. రెండోవాళ్ళు "పెట్టావా?" అని వంటింట్లోంచో వాకిట్లోంచో ఓ కేక వేస్తారు. ఇప్పుడా కేక వేసినవాళ్ళు ఓడిపోయినట్టే కదా! పంతానికి పోయి మూగజీవాన్ని మాడ్చారన్న మాట రాకూడదని ఇద్దరూ పెట్టారు, ఒకరికి తెలియకుండా ఒకరు. మహారాణి ఏమైనా చాడీలు చెప్పే రకమా? రెండు వాటాలూ లాగించింది.

ఒక పొద్దున చూస్తే లద్దె లేదు. గుర్రం కాలితో నేల గీరుతూ, మాటిమాటికీ తన కడుపుకేసి చూసుకుంటోంది. పశువుల డాక్టరమ్మ వచ్చి కడుపుకి స్టెతస్కోపు ఆనించి విన్నది.

"లోపల చప్పుడే లేదు. దాణా ఎవరు పెట్టారు?"

"నేనే," అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

డాక్టరమ్మ వాళ్ళిద్దరినీ చూసిన చూపుకి నేనైతే గడ్డిమోపు వెనక్కి తప్పుకున్నాను. సూది వేసి, ముక్కులోంచి గొట్టం దింపి, వెళ్తూ చెప్పింది: "దాణా ముట్టనివ్వకండి. పొర్లనివ్వకుండా మెల్లగా నడిపించండి. మధ్యాహ్నానికి లద్దె వెయ్యకపోతే ఆశ వదులుకోవాలి."

బాబాయి ఒక పక్క, పిన్ని ఒక పక్క పట్టుకుని వాకిట్లో తిప్పారు. బాబాయి ఏడుపు దాచుకోలేదు. చీదిన చేత్తోనే జూలు నిమిరాడు. నాకూ భయం వేసింది, అబద్ధమెందుకు. ఎండ నడినెత్తికి వచ్చాక మహారాణి ఆగింది. తోక ఎత్తింది.

"వేసింది!" అని పిన్ని కేక పెట్టింది. బాబాయి ఆ వెచ్చటి లద్దె పక్కనే చతికిలబడ్డాడు. కాసేపటికి తలెత్తి, పిన్నిని నేను ఎన్నడూ వినని ప్రశ్న అడిగాడు.

"నువ్వు తిన్నావా?"

"దెబ్బలాడిన దగ్గర్నుంచీ సరిగ్గా తినలేదు," అంది పిన్ని. "మీరూ తినలేదు. గిన్నెలు నేనేగా కడిగేది."